మెట్ల మీద భోజనం

2024 డిసెంబరు పదకొండు, బుధవారం ఉదయం. హైదరాబాదులోని ఒక పెద్ద దవాఖానలో కాలిన గాయాల వార్డు ముందరి వరండా. అక్కడ ఉన్నవారు ముగ్గురు: ఊరి స్టేషను నుంచి వచ్చిన హెడ్ కానిస్టేబుల్, గట్టు మండలంలో పేరున్న రైతు చంద్రశేఖర్, అదే ఊరిలో కూలి ఇంట పుట్టి, ఇప్పుడు వనపర్తిలో ఒక హైస్కూలులో తెలుగు చెబుతున్న శైలజ. నాలుగో మనిషి తలుపు అవతల మంచం మీద ఉన్నాడు కాని, ఈ మాటల్లో అతన్నెవరూ కలపలేదు. అతను శైలజ తమ్ముడు సందీప్. అతని కుడిచేతిని మోచేతికి పైన తీసివేసి ఇంకా వారం కాలేదు.

హెడ్ కానిస్టేబుల్ కాగితాన్ని అట్టకు బిగించి, కళ్లజోడు ముక్కు మీదికి దించుకొని, ఎక్కడా ఆగకుండా చదివాడు. "నా తమ్ముడు సందీప్ మద్యం మత్తులో, ఎవరికీ చెప్పకుండా, చంద్రశేఖర్ గారి చేను దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్‌ను తనంతట తానే ఎక్కి, ఫ్యూజు వేయబోయి, కరెంటు తగిలి కింద పడినాడు. ఈ విషయంలో మా కుటుంబానికి ఎవరి మీదా అనుమానం లేదు."

శైలజ పెన్ను అందుకున్నది. సంతకం పెట్టవలసిన చోట వేలు ఆనించి, మళ్లీ పైకి జరిపి, మొదటి వరుస దగ్గర ఆపింది.

"మద్యం మత్తులో అన్న మాట తీసెయ్యండి. వాడు పోలీసు సెలక్షన్లకని తయారవుతున్నాడు. రోజూ తెల్లవారుజామున లేచి పరుగు తీస్తాడు. తాగడు."

"ఆ రాత్రి దోస్తులతోని కూసున్నడని ఊర్ల చెప్పిండ్రమ్మా. నాకు చెప్పింది నేను రాసిన."

"తీసెయ్యున్రి సార్," అన్నాడు చంద్రశేఖర్. గోడకు ఆనుకొని నిలబడిన ఆ మనిషి గొంతులో నిద్రలేమి వినిపించింది. "పోరని ఇజ్జత్ ఎందుకు తీసుడు? చెయ్యే పాయె."

కొట్టివేతలున్న కాగితం చెల్లదని, వేరే రాసుకొని శుక్రవారం వస్తానని, ఆనాటికి ఆ దిక్కు మనిషిది ఒక సాక్షి సంతకం కూడా కావాలని హెడ్ కానిస్టేబుల్ అన్నాడు. "మా రవి ఉన్నడు గద, ఈడనే కారు తోల్తడు," అన్నాడు చంద్రశేఖర్. ఆ మాటతో అట్ట సంచిలోకి పోయింది.

మధ్యాహ్నం చంద్రశేఖర్ ఎవరో చుట్టాల ఇంటి నుంచి టిఫిన్ క్యారియర్ తెప్పించాడు. వార్డు మెట్ల మీద, జనం రాకపోకలకు అడ్డం కాకుండా ఒక పక్కకు కూర్చొని, గిన్నెలు ఒకటొకటిగా విప్పాడు. జొన్నరొట్టెలు, వంకాయ కూర, పల్లీల పొడి. శైలజ ఒక మెట్టు కిందికి జరిగి కూర్చోబోయింది. "గదేంది, మీదికి రా," అంటూ తన పక్కన తువ్వాల పరిచాడు. పళ్లెం ఒక్కటే ఉంది. అతను రొట్టెను మధ్యకు విరిచి, సగం ఆమె చేతికిచ్చి, కూర గిన్నె ఇద్దరి మధ్యా పెట్టి, ముందు తానే ముంచుకున్నాడు.

చంద్రశేఖర్ ఇంటి వాకిట్లో శైలజ తల్లి బుజ్జమ్మ ఈనాటికీ దోసిలి పడుతుంది; నీళ్లు పైనుంచి పోస్తారు. ఆ ఇంటి మనిషి ఆమె కూతురి వేళ్లు తగిలిన కూరలో తన రొట్టె ముంచి తింటున్నాడు. తింటూ, "ఇంకింత ఏసుకో, రాత్రంత మేల్కొని ఉన్నవు నువ్వు," అంటున్నాడు. శైలజ కళ్లు తుడుచుకుంటే కారం తగిలిందనుకొని నీళ్ల సీసా అందించాడు. మూత తీసి తాను తాగి మరీ అందించాడు.

మెట్ల కింద, తెల్లని కారుకు ఆనుకొని తాళంచెవి వేలికి తిప్పుకుంటున్న డ్రైవరు ఇదంతా చూస్తూనే ఉన్నాడు.

"రవీ, మేడమ్‌ను ఆరాంఘర్ కాడ ఆమె దోస్తు ఇంట్ల దించు. పొద్దుగాల మల్ల తీస్కరా. మనోళ్లే, మంచిగ చూస్కో," అన్నాడు చంద్రశేఖర్ చేయి కడుక్కుంటూ.

రవి మాటకు ఆనకట్ట లేదు. దవాఖాన గేటు దాటకముందే తనది పక్క ఊరని, అక్కను చంద్రశేఖర్ దగ్గర జీతం చేసే వెంకటన్నకు ఇచ్చారని, చిన్నప్పుడే పట్నం చేరి మొదట లారీ కడిగి, తర్వాత ఆటో తోలి, ఇప్పుడు ఈ కారు కొనుక్కున్నానని చెప్పేశాడు.

"అక్కా, జర బెల్టు పెట్టుకోన్రి. లేకుంటే ఆ స్తంభం మీదికెల్లి ఫోటో కొడ్తరు. మనం లగ్గంల ఫోటోలకు గూడ గంత మంచిగ రాము!" తన మాటకు తానే నవ్వి, పక్కనుంచి దూసుకుపోయిన బండివాణ్ని తిట్టి, వెంటనే అందుకున్నాడు. "మీ దిక్కు వానలెట్లున్నయక్కా? మా ఉమ ఫోన్ల రోజు ఒకటే ఏడుపు, పట్నం తీస్కపో అని. ఏం చేస్తవే ఈడికొచ్చి అంట. ఆడ శేఖరన్న పల్లి బుడ్డల చేన్ల కలుపుకు పోతున్నది. పొద్దు పొడవకముందే పోతది నా పెండ్లాం. పనిల నన్ను మించింది. మాటల గాదు, మాటల నేనే ఫస్టు."

శైలజ నవ్వింది. ఎన్నో రోజుల తర్వాత నవ్వినట్టు తనకే తోచి, కిటికీ వైపు తిరిగింది.

"మీరు మంచోళ్లక్కా," అన్నాడు అతను అద్దంలో చూస్తూ. "ఒక కూలి పోరని కోసం మీ అసువంటోళ్లు వచ్చి దవాఖాన్ల కూసునుడు నేను యాడ చూడలె."

చదువుకున్నదాన్నని అంటున్నాడని ఆమె అనుకున్నది.

ఆ సాయంత్రం తల్లికి ఫోను చేసి, కాగితం సంగతి, తమ్ముని జ్వరం సంగతి చెప్పి, చివరకు మెట్ల మీది భోజనం సంగతి చెప్పింది.

"ఒక్క గిన్నెల్నా బిడ్డా? పటేలు?"

"అవునమ్మా."

"గట్లయితే మల్ల ఆయన చెప్పిన కాడ సంతకం పెట్టు. గంత మంచి మనిషికి మనతోని మాట రావద్దు."

గురువారం ఉదయం కట్టు మార్చే వేళకు శైలజ మంచం దగ్గర ఉన్నది. సందీప్ మొఖం గోడ వైపు తిప్పుకొని పడుకున్నాడు. నర్సు మోకాళ్ల కింది గుడ్డ తొలగించినప్పుడు డ్యూటీ డాక్టరు మాలతి వంగి చూసి, రెండు కాళ్లనూ పక్కపక్కన చేర్చింది. మోకాళ్లకు దిగువ రెండు కాళ్ల ముందువైపునా, ఒకే ఎత్తులో, పెన్సిలుతో అడ్డంగా గీసినట్టు నల్లని వాత ఉంది.

"ఇతను పైనుంచి పడ్డాడని రాసుంది. చెయ్యి కాలడం సరే. ఈ కాళ్ల మీద ఇట్లా ఎందుకుంది?"

శైలజకు తెలియదు. డాక్టరు కాగితంలో ఏదో రాసుకొని పక్క మంచానికి వెళ్లిపోయింది.

"అక్కా," అన్నాడు సందీప్ గోడతోనే మాట్లాడుతున్నట్టు. "నాకు ఉరుకుడు యాదికుంది. చెప్పులు ఇడిసి బూట్లు ఏసుకున్నది యాదికుంది. ఎక్కుడు యాదికి లేదు."

"ఇప్పుడవన్నీ ఎందుకురా."

"అందరు అంటున్నరు గద. నేనే ఎక్కిన్నేమో. తాగిన్నేమో గూడ. తెల్వకుంట తాగుతరా అక్కా ఎవరన్న?"

ఎడమ చేత్తో దుప్పటి అంచును చుట్టి, విప్పి, మళ్లీ చుడుతున్నాడు. ఆ చేతిని పట్టుకొని ఆపడం తప్ప ఆమె చేయగలిగినది లేకపోయింది.

సాయంత్రం కారులో ఆమె బయటికే చూస్తూ కూర్చున్నది. ఆ రెండు నల్లని గీతలు కళ్ల ముందు నుంచి కదలడం లేదు. అత్తాపూర్ దగ్గర వాహనాలన్నీ నిలిచిపోయాయి. రవి ఇంజను ఆపి, అద్దంలో ఆమెను చూసి, తలను సగం వెనక్కు తిప్పాడు.

"అక్కా, మీరు గట్ల పరేషాన్ గాకున్రి. శేఖరన్న మీదికి ఏం రాదు."

"ఆయన మీదికి ఏం వస్తది?"

"అదే, తీగ ముచ్చట. మా బావ హుషారు మనిషి. తెల్లారకముందే చుట్టేసిండు. ఒక్క గూటం మిగలనియ్యలె చేన్ల."

"ఏ తీగ?"

రవి స్టీరింగు మీద అరచేత్తో కొట్టి నవ్వాడు. "గంతే! గట్లనే అనాలె అక్కా. రేపు ఎవరడిగినా 'ఏ తీగ' అనాలె. మీరు సదువుకున్నోళ్లు, మీకు చెప్పాల్నా."

శైలజ చేతిలోని నీళ్ల సీసా ఒడిలోకి జారింది. దాన్ని తీసి, మూత సరిగా బిగించి, పక్కన నిలబెట్టింది. తర్వాత బడిలో మాట్లాడే భాష వదిలి, ఊరి మాటలో, తన గొంతు తనకే కొత్తగా వినిపిస్తుండగా అన్నది.

"నాకు జర సరిగ చెప్పు రవీ. రేపు పోలీసాయన ముంగట నేను ఒకటి అని, శేఖరన్న ఒకటి అంటే ఎట్ల?"

"అవు, అదీ నిజమే." అతను సీటులో సర్దుకున్నాడు, చెప్పడం మొదలుపెట్టినప్పుడు అతని చేతులు కూడా మాట్లాడాయి. "బుడ్డల చేన్లకు అడివి పందులు పడుతున్నయి గద. మోటరు డబ్బల కెల్లి కరెంటు తీసి, గూటాలు పాతి తీగ గుంజిండ్రు, గింత ఎత్తున." మోకాలి కింద చేయి అడ్డం పెట్టి చూపించాడు. "అందరు గుంజుతరు, మన శేఖరన్న ఒక్కడే గాదు. చీకటి పడినంక ఏసి, తెల్లారకముందు బందు పెట్టాలె. అది మా బావ పని. ఆ దినం నిద్ర పట్టింది బావకు. ఆ పోరడు పోలీసు నౌకరికని పొద్దుగాల గట్టెంబడి ఉరుకుతడంట. కాళ్లకు తగిలి ముంగటికి పడ్డడు, చెయ్యి పోయి తీగ మీదనే పడ్డది."

వెనుక ఎవరో హారను కొట్టారు. రవి కారును నాలుగడుగులు జరిపి మళ్లీ ఆపాడు.

"చచ్చిండనుకున్నరక్కా. చేన్ల ఉంటే కేసయితది గద. శేఖరన్న, బావ ఇద్దరు మోసుకపోయి ట్రాన్స్‌ఫార్మర్ కింద పండబెట్టిండ్రు. చేతిల తీగలు కోసే పకడు గూడ పెట్టిండ్రంట, ఫ్యూజు ఏస్తుండె అన్నట్టు. పెట్టి ఇట్ల మల్లుతుంటే మూలిగిండు! బావ అయితే దయ్యమనుకొని ఉరికిండు." నవ్వబోయి, ఎందుకో నవ్వలేదు. "గప్పుడు శేఖరన్ననే కారు తీసిండు. గద్వాల ఆయె, కర్నూలు ఆయె, ఈడికి తెచ్చిండు. దొడ్డ మనిషి. ఇంకొకడయితే ఆడనే ఇడిసిపెడుతుండె."

శైలజ ఎదుటి సీటు వెనుక తొడిగిన గుడ్డలో ఊడిన కుట్టునే చూస్తున్నది. తెల్లని దారం పొడవుగా వేలాడుతున్నది. ఆమెకు రొట్టె విరిచిన చప్పుడు వినిపించింది. ఆ చేతులే. సందీప్ కాళ్లు పట్టిందెవరో, భుజాలు పట్టిందెవరో. కూరలో రొట్టె ముంచినవి ఆ చేతులే. ఆమె కిటికీ అద్దం దించింది. పొగ లోపలికి వచ్చింది.

"ఇప్పుడేడుంది తీగ?"

"పందులు ఊకుంటయా అక్కా? నాలుగు దినాలాగి మల్ల గుంజిండ్రు. ఆ దిక్కు కాదు, వాగు దిక్కు గట్టుకు."

"వాగు దిక్కు గట్టెంబడి పొద్దుగాల ఎవరు పోతరు?"

"ఎవరు పోతరు, కలుపుకు పోయే ఆడో..."

మాట అక్కడే తెగింది. బుధవారం సాయంత్రం నుంచి ఆ కారులో మాట ఆగడం అదే మొదటిసారి. ముందరి వాహనం కదిలి పోయింది. వెనుకవాళ్లు హారన్లు మోగించారు. రవి కారును కదపలేదు.

"సందీప్ నా తమ్ముడు రవీ," అన్నది శైలజ. "బుజ్జమ్మ మా అమ్మ."

అతను పూర్తిగా వెనక్కు తిరిగాడు. ముఖంలో నెత్తురు లేదు.

"మెట్ల మీద... శేఖరన్నా మీరు... ఒక్క గిన్నెల తిన్నరు గద! నేను కండ్లార చూసిన. ఒక్క గిన్నెల తింటిరి గద!"

అతను కారును పక్కకు తీసి ఆపి, దిగి, ఫోను చెవికి పెట్టుకొని రోడ్డు వారన అటూ ఇటూ తిరిగాడు. అద్దంలోంచి పెదవులు కనిపిస్తున్నాయి కాని మాట వినిపించలేదు. ఒక చేత్తో, ఎవరినో నెట్టి ఆపుతున్నట్టు, గాలిలో అడ్డం పెడుతున్నాడు. తిరిగి వచ్చి ఆరాంఘర్ దాకా తోలాడు. ఆమె దిగుతుంటే, ముందుకే చూస్తూ, "నేనేం చెప్పలె మీకు," అన్నాడు.

శుక్రవారం అతను రాడనుకొని శైలజ ఆటో కోసం సందు చివరకు నడిచింది. తెల్లని కారు అక్కడ ఆగి ఉంది. రవి దిగి తలుపు తీశాడు. గడ్డం గీసుకోలేదు.

"ఉమను పోనియ్యలె," అన్నాడు. దారి పొడవునా అతను గేర్లు మార్చుతుంటే, ఆమె సంచిలోని తెల్లకాగితాలను బయటికి తీసి, తాను తెల్లవారుజామున రాసినది మొదటినుంచి చదువుకున్నది. ఎవరు చెప్పారన్నది రాయవలసిన చోట ఒక వరుస ఖాళీగా వదిలింది. అక్కడ అతని పేరు రాయడానికి పెన్ను తీసి, రెండుసార్లు మూసి పెట్టింది.

ముందు డాక్టరు మాలతి గదికి వెళ్లింది. కాళ్ల మీది గాయాల గురించి అడిగితే, కేసు కాగితాలలో నిన్ననే రాశానని, పోలీసులు అడిగితే నకలు ఇస్తానని ఆమె చెప్పింది.

వరండాలో హెడ్ కానిస్టేబుల్ అట్టతో సిద్ధంగా ఉన్నాడు. చంద్రశేఖర్ చేతిలో టిఫిన్ క్యారియర్ ఉంది.

"మద్యం మాట తీసేసినమ్మా," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "సాఫు రాసిన. పెట్టున్రి."

శైలజ ఆ కాగితం అందుకొని చివరిదాకా చదివి, మడత పడకుండా తిరిగి అట్ట మీద పెట్టింది. దాని మీద తన కాగితాలు పెట్టింది. "నా వాంగ్మూలం ఇది. దీన్ని తీసుకొని, రెండో ప్రతి మీద ముట్టినట్టు సంతకం చేయండి."

అతను నిలబడే చదివాడు. మొదటి పేజీ సగంలో కళ్లజోడు తీసి తుడుచుకొని, మళ్లీ పెట్టుకున్నాడు. రెండో పేజీలో చంద్రశేఖర్ వైపు చూశాడు. ఆ చూపులోనే చంద్రశేఖర్‌కు విషయం అర్థమైనట్టుంది. చంద్రశేఖర్ క్యారియర్‌ను బల్ల మీద చప్పుడు కాకుండా దించాడు.

"శైలజా, ఎవరు చెప్పిండ్రమ్మా నీకు ఇవన్ని?"

ఆమె తన చూపును మెట్ల వైపు పోనివ్వలేదు.

"చెప్పినోళ్లు లేకుంటే ఇది ఉత్త మాటయితదమ్మా," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. ఆ గొంతులో బెదిరింపు లేదు, అలసట ఉంది. "ఆ వరుస ఖాళీగున్నది. ఆ పేరు లేక నేను దీన్ని మీదికి ఎట్ల పంపాలె?"

"ఏందో విన్నదిలే సార్, దుఃఖంల ఉన్నది," అన్నాడు చంద్రశేఖర్. "సాక్షిని పిలుస్త. రవీ! ఇటు రా. సంతకం పెట్టు."

మెట్ల దగ్గర నిలబడిన రవి వచ్చాడు. అట్ట మీద రెండు రకాల కాగితాలున్నాయి. అతను అరచేతులు చొక్కాకు తుడుచుకొని పెన్ను తీసుకున్నాడు.

"ఏందున్నది ఇందుల?" అని అడిగాడు శైలజను.

ఆమె తన కాగితాన్ని పైకి చదివింది. మాట తడబడకుండా, పిల్లలకు పాఠం చదివినట్టు నిదానంగా చదివింది. తీగ, గూటాలు, మోటరు డబ్బా. పరుగు. మోసుకుపోవడం. చేతిలో పెట్టిన పకడు. మూలుగు. ఇప్పుడు వాగు వైపు గట్టు మీద ఉన్న తీగ. ఖాళీ వరుస దగ్గర ఆగింది.

"ఆడ నా పేరు రాయున్రి," అన్నాడు రవి. పెన్ను ఆమె వైపు చాచాడు. "రాయున్రి మేడమ్. చుట్టింది మా బావ, అది గూడ రాయున్రి. కానీ చెయ్యి ఒక్కటే బావది. తీగ ఎవరిదో, మోటరు ఎవరిదో సక్కగ రాయున్రి సార్, మా బావ ఒక్కని మీదనే తోస్తరు రేపు."

"రవీ!" అన్నాడు చంద్రశేఖర్.

"మా ఉమ రోజు ఆ గట్టెంబడే పోతదన్నా. నీకు తెల్వదా?"

శైలజ రెండు ప్రతుల్లోనూ ఆ ఖాళీ వరుస నింపింది; అతను వంగి రెండింటి కిందా సంతకం పెట్టాడు. అంత మాట్లాడే మనిషి అంత చిన్న సంతకం పెట్టాడు. దాని పక్కన శైలజ తన పేరు రాసింది. హెడ్ కానిస్టేబుల్ రెండో ప్రతి మీద తేదీ వేసి, ముట్టినట్టు రాసి, సంతకం చేసి ఆమెకిచ్చాడు. ఫోను తీసి స్టేషనుకు చేసి, వాగు దిక్కు మోటరుకు కరెంటు బందు పెట్టించమని చెబుతూ వరండా చివరకు నడిచాడు.

చంద్రశేఖర్ క్యారియర్ పిడి పట్టుకున్నాడు. అతని కళ్లలో కోపం కంటె దెబ్బతిన్న ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

"నీతోని ఒక్క గిన్నెల తిన్న గద శైలజా," అన్నాడు.

"అందుకే తెలిసిందన్నా," అన్నది శైలజ.

ఆమె లోపలికి వెళ్లింది. సందీప్ మేల్కొనే ఉన్నాడు. వరండాలోని గొంతులు విన్నాడేమో, ఈసారి మొఖం గోడ వైపు లేదు.

"ఏం కాగితమక్కా?"

"నువ్వు ఎక్కలేదని."

అతను ఎడమ చేయి చాచాడు. ఆమె కాగితం ఇచ్చింది. ఒంటి చేత్తో విప్పి పట్టుకోలేక ఛాతీ మీద పరుచుకొని, తల కొద్దిగా ఎత్తి, కింది సంతకాల దాకా చదివాడు. చదివి, మడవడానికి ప్రయత్నించాడు. కాగితం ఒక పక్కకే ఒరిగింది. శైలజ రెండో అంచు పట్టుకున్నది. ఇద్దరూ కలిసి దాన్ని సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిచారు. అతను దాన్ని తలగడ కింద, తన ఎడమ చేతికి అందే వైపు పెట్టుకున్నాడు.